మూడు రేసులకే ఆలౌట్

ఫార్ములా వన్ ఆట కాదని కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2009లోనే తేల్చేసింది. రేసు హక్కుల కోసం 3.65 కోట్ల డాలర్లు విదేశానికి పంపాలి, అనుమతి ఇప్పించండి అని నిర్వాహకులు దరఖాస్తు పెట్టుకుంటే, ఇది వ్యాపారం, ఇది వినోదం, క్రీడ అనిపించుకునేంత మానవ ప్రయత్నం ఇందులో లేదు పొమ్మంది. గంటకు మూడొందల కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే తల బరువు ఐదింతలై ముందుకు లాగేస్తుంది. ఉడుకుతున్న ఇంజిన్‌ను వీపుకు ఆనించుకుని, కిలోల లెక్కన చెమట కారుస్తూ గంటన్నర కూర్చోవాలి. అలా కూర్చునే డ్రైవర్‌ది మానవ ప్రయత్నం కాదట. దైవ ప్రయత్నం అనుకున్నారేమో! అలాంటప్పుడు ఫైలును దేవాదాయ శాఖకు పంపాల్సింది.

రెండేళ్లు తిరిగేసరికి అదే కారు ఉత్తరప్రదేశ్ సరిహద్దు దాటి క్రీడ అయిపోయింది. క్రీడే కదా అని మాయావతి ప్రభుత్వం టికెట్ల మీద వినోద పన్ను మాఫీ చేసింది. అదెట్లా కుదురుతుందని ఒకరు సుప్రీంకోర్టు గడప తొక్కారు. రేసు ఇంకా తొమ్మిది రోజులుందనగా, 2011 అక్టోబరు 21న, టికెట్ల రాబడిలో 25 శాతం విడిగా ఓ ఖాతాలో వేసి ఉంచండి, మిగతా సంగతి తర్వాత చూద్దాం అంది కోర్టు. అంటే ఆ ఏడాదికి ఫార్ములా వన్ పావు వంతు వినోదం, ముప్పాతిక వంతు క్రీడ. ఆదాయపు పన్ను వాళ్లకేమో అది నూటికి నూరుపాళ్లూ వ్యాపారం. కస్టమ్స్ వాళ్లకు పెట్టెల్లో వచ్చిన విదేశీ సరుకు. ఏనుగును తలోచోట తడిమి తలో మాట చెప్పిన గుడ్డివాళ్ల కథ మనకు తెలిసిందే. ఇక్కడ విశేషమల్లా, తడిమేవాళ్లు ఢిల్లీలో ఉండగా ఏనుగు లక్నోలో అధికారంలో ఉండటం.

వీళ్లెవరి జవాబూ సరైంది కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఆదివారం పూట సైట్ విజిట్‌కు వెళ్లొచ్చిన ఏ తెలుగువాణ్ణి అడిగినా చెప్పేవాడు, ఇది వెంచర్ అని. ముందు రోడ్డు పక్కన ఓ పెద్ద ఆర్చి లేస్తుంది. దానికి రంగులు, లైట్లు, బ్రోచర్ మీద సినిమా తార. లోపల ప్లాట్లకు రాళ్లు పాతారో లేదో తెలీదు, ఆర్చి మాత్రం ధగధగలాడుతుంది. గ్రేటర్ నోయిడా దగ్గర కట్టిన బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఆ ఆర్చి. కట్టింది సిమెంటు, కాంట్రాక్టుల వ్యాపారంలో పెరిగిన జేపీ గ్రూపు. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే వేసిందీ వాళ్లే. ఆ రోడ్డు వెంట ప్రత్యేక అభివృద్ధి మండలం పేరుతో వెయ్యి హెక్టార్లు వాళ్లకు దక్కాయి. క్రీడల పేరు చెప్పి తీసుకున్న ఆ నేలలో ట్రాక్ పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16. మిగతాదంతా విల్లాలు, అపార్ట్‌మెంట్లు, వాటి కలర్ బొమ్మలు. జర్మనీ నుంచి హెర్మన్ టిల్కేను పిలిపించి గీయించిన ఆర్చి కాబట్టి సుమారు 2,000 కోట్లు అయిందని అప్పట్లో చెప్పుకున్నారు. మన దగ్గర మామూలు వెంచర్‌కు వాస్తు సిద్ధాంతితో పనయిపోతుంది.

నిజానికి ఈ ఆర్చి మన ఊళ్లో లేవాల్సింది. 2003లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం హైదరాబాద్‌కు ఫార్ములా వన్ తెస్తామని గోపన్‌పల్లి దగ్గర భూమి చూసి పెట్టింది. బిల్ గేట్స్ వచ్చాడు, బిల్ క్లింటన్ వచ్చాడు, ఇక రావాల్సింది షూమాకరే అన్నట్టుండేది ఆ రోజుల్లో. పల్లెల్లో బోర్లు ఎండిపోతున్నాయి, కరెంటు బిల్లులు కట్టలేక రైతు గుడ్లు తేలేస్తున్నాడు, రాజధానిలో మాత్రం పిట్ లేన్ ఎటువైపు ఉండాలన్న చర్చ. 2004 ఎన్నికల్లో జనం ఊపిన జెండా ఇంకొకటి. కొత్త ప్రభుత్వం రాగానే రేసు మాట గాలికి పోయింది. దాని వల్ల గోపన్‌పల్లికి నష్టమేమీ జరగలేదు. రేసు రాకపోయినా రేటు వచ్చింది. ఆర్చి కట్టే ఖర్చు కూడా లేకుండా వెంచర్ సక్సెస్ చేసిన ఘనత మనది. ఢిల్లీ వాళ్లకు ఆ కిటుకు తెలియక 2,000 కోట్లు పోసుకున్నారు.

2007లో భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ, ఫార్ములా వన్ పెద్ద బెర్నీ ఎకిల్‌స్టోన్ చేతులు కలిపారు. రేసు 2009లో అన్నారు. తర్వాత 2010 అన్నారు. ఆపైన 2011 అన్నారు. తీరా 2011 వచ్చేసరికి, కామన్వెల్త్ క్రీడల కాంట్రాక్టుల కేసులో ఏప్రిల్ 25న సీబీఐ కల్మాడీని అరెస్టు చేసింది. అక్టోబరులో ఇంజిన్లు గర్జించినప్పుడు, శుభలేఖ వేసిన పెద్దమనిషి తీహార్ జైల్లో ఉన్నాడు. (దానికి తోడొచ్చిన మనీ లాండరింగ్ కేసును ఆధారాల్లేవని 2025లో మూసేశారు. ముగింపు గళ్ల జెండా పడటానికి పద్నాలుగేళ్లు పట్టిన రేసు అది.)

అదే ఏడాది మే నెలలో, అదే జిల్లాలో, భట్టా పర్సౌల్ అనే ఊళ్లో భూసేకరణ మీద రైతులకూ పోలీసులకూ మధ్య తుపాకులు పేలాయి. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. సర్క్యూట్ చుట్టుపక్కల ఊళ్ల రైతులు పరిహారం తేల్చకపోతే రేసు జరగనివ్వమన్నారు. జిల్లా పేరు గౌతమ బుద్ధ నగర్, అందుకని సర్క్యూట్‌కూ ఆయన పేరే పెట్టారు. ఆశ దుఃఖానికి మూలమని చెప్పిన మనిషి పేరు. బతికుండగా ఆయన వదిలేసి పోయింది ఒక్క రాజ్యమే. ఎకరాల లెక్కన ఆయన పేరు మీద ఇంత పోగవుతుందని తెలిస్తే ఆ రాత్రి గుర్రం ఎక్కేవాడు కాదేమో.

సరే, 2011 అక్టోబరు 28, శుక్రవారం. మొదటి ప్రాక్టీసు. దేశమంతా టీవీల ముందుంది. కొత్త తారు, కొత్త గ్యాలరీలు, ఇస్త్రీ చొక్కాల్లో మార్షల్స్. పచ్చ లైటు వెలిగింది. కార్లు బయల్దేరాయో లేదో ఎర్ర జెండా. ఎవడో గుద్దేశాడనుకున్నారు. తీరా చూస్తే ట్రాక్ మీద ఓ వీధికుక్క. కోట్ల కోట్ల కార్లను గ్యారేజీల్లోకి పంపించి, తీరిగ్గా అటూ ఇటూ చూసి, వెంటపడ్డ మార్షల్స్‌కు చిక్కకుండా నాలుగు మలుపులు తిప్పింది. రేసింగ్ లైన్ దాని సొంతం. లైసెన్సు ఫీజు, కస్టమ్స్ సుంకం, వినోద పన్ను ఏవీ లేకుండా ఆ తారు మీద పరుగెత్తిన జీవి అదొక్కటే. భూమి పోగొట్టుకున్న ఊళ్ల తరఫున ఆ వారాంతంలో బరిలోకి దిగింది కూడా, నాకు తెలిసి, అదొక్కటే.

ఆ సాయంత్రం, రేసు సందర్భంగా గుర్గావ్‌లో పెట్టిన రాక్ బృందం మెటాలికా కచేరీ రద్దయింది. జనం కోపంతో స్టేజీ ఎక్కి సామాన్లు విరగ్గొట్టారు. నిర్వాహకులు పోలీసుస్టేషన్‌కు వెళ్లారు. వినోదం గతి అది. ఇక క్రీడ సంగతి: ఆదివారం సచిన్ టెండూల్కర్ గళ్ల జెండా ఊపాడు, మాయావతి కప్పు అందించింది, సెబాస్టియన్ వెటెల్ అరవై ల్యాపుల్లో ఒక్క ల్యాపు కూడా ఎవరికీ వదలకుండా గెలిచాడు. ఫెరారీ డ్రైవర్ మసా కారు సస్పెన్షన్ మలుపు దగ్గరి గట్టుకు తగిలి క్వాలిఫయింగ్‌లో ఒకసారి, రేసులో మళ్లీ ఒకసారి విరిగింది. మన మునిసిపాలిటీ స్పీడ్ బ్రేకర్లు ఎక్కినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. రాత్రికి లేడీ గాగా పాట. టికెట్టు 2,500 నుంచి 35,000 దాకా. సుమారు 95,000 మంది వచ్చారని లెక్క చెప్పారు. మర్నాడు పేపర్లన్నీ భారత్ వచ్చేసిందని రాశాయి. ఎక్కడికి వచ్చిందో, అప్పటిదాకా ఎక్కడుందో రాయలేదు.

ఇందులో మన డ్రైవర్లు ఎక్కడ అని అడక్కండి. నరైన్ కార్తికేయన్ స్పెయిన్ జట్టు హెచ్‌ఆర్‌టీ బండిలో వెనక వరసల్లో తంటాలు పడి 17వ స్థానంలో వచ్చాడు. కరుణ్ చంధోక్‌కు శుక్రవారం ప్రాక్టీసుతో సరిపెట్టారు. పేరులో ఇండియా ఉన్న జట్టు ఒకటుండేది కదా, అదే ఫోర్స్ ఇండియా. విజయ్ మాల్యా జట్టు. దాని వర్క్‌షాపు ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ ఎదుట. 2008 నుంచి 2018 దాకా నడిచిన ఆ జట్టులో రేసు సీటు ఒక్క భారతీయుడికీ దక్కలేదు. కారు మీద త్రివర్ణం, లోపల జర్మనో స్కాట్లండ్ వాడో.

ఆ జట్టుకు 2012 బాగా గుర్తుండాలి. అక్టోబరు 20న మాల్యాదే అయిన కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ లైసెన్సును విమానయాన శాఖ సస్పెండ్ చేసింది. ఉద్యోగులకు నెలల తరబడి జీతాల్లేవు. సరిగ్గా ఎనిమిదో రోజు, అక్టోబరు 28న, అదే యజమాని కార్లు గ్రేటర్ నోయిడాలో నిగనిగలాడుతూ లైన్లో నిలబడ్డాయి. ఎగరాల్సినవి నేలకు అంటుకుపోయాయి, నేల మీద ఉండాల్సినవి ఎగిరినంత పని చేశాయి. జట్టులో 42.5 శాతం వాటా సహారా వాళ్లది. తర్వాతి ఫలితాలు తెలిసినవే: సహారా అధినేత సుబ్రతా రాయ్ 2014లో తీహార్‌కు, మాల్యా 2016లో లండన్‌కు. పోడియం మీద నిలబడ్డవాళ్ల కంటే వీళ్ల గమ్యాలే జనానికి బాగా గుర్తున్నాయి.

మాల్యాకు రేసింగ్ తెలీదని మాత్రం అనలేం. కుర్రతనంలో షోలవరంలో పాత ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తోలినవాడే. షోలవరం పేరు వినని వాళ్ల కోసం చెప్పాలి: అది మద్రాసు పక్కన రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే. యుద్ధం అయిపోయాక విమానాలు పోయాయి, సిమెంటు పలక మిగిలింది. 1950ల నుంచి అక్కడ పిచ్చి ఉన్నవాళ్లు పందాలు పెట్టుకున్నారు. అంబాసిడర్లు, ఫియట్లు ఊడబెరికి, సైలెన్సర్లు పీకేసి, వెల్డింగ్ పొగలో రాత్రిళ్లు మేలుకుని, తెల్లారి తోలేవాళ్లు. 1990లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంతంగా ట్రాక్ వేసుకుంది. కోయంబత్తూరులో రేసర్ కరివర్ధన్ పేరు మీద ఇంకో ట్రాక్ వచ్చింది. అదే కోయంబత్తూరు నుంచి నరైన్ బయల్దేరాడు. 2005లో ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్ల జట్లన్నీ భయపడి పక్కకు తప్పుకుంటే, మిగిలిన ఆరు కార్లలో నాలుగోవాడిగా వచ్చి ఐదు పాయింట్లు తెచ్చాడు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడు తెచ్చుకున్న పాయింట్లు ఆ ఐదే. ఎక్స్‌ప్రెస్‌వే, ప్రత్యేక అభివృద్ధి మండలం, ముఖ్యమంత్రి చేతుల మీద కప్పు, ఇవేవీ లేని చోట పుట్టిన ఐదు పాయింట్లు. షోలవరం పక్కన ప్లాట్లు అమ్ముకోవచ్చన్న ఆలోచన ఆనాటి మెకానిక్కులకు రాకపోవడం మన అదృష్టం.

ఈ జాతీయ పందెంలో హైదరాబాద్‌కు కూడా ఓ పాత్ర దొరికింది. 2012లో గళ్ల జెండా ఊపింది మన షూటర్ గగన్ నారంగ్, 2013లో ఊపింది మన సైనా నెహ్వాల్. ఇది క్రీడ కాదని సర్కారు చెప్పిన పోటీకి ముగింపు పలకడానికి మాత్రం క్రీడాకారులే కావాల్సొచ్చారు. ఎవరు ఊపినా ఆ జెండా కింద నుంచి ముందు దూసుకెళ్లింది వెటెలే. మూడు సినిమాలకూ ఒకే హీరో, ఒకే క్లైమాక్స్ అయితే సీట్లు ఎట్లా నిండుతాయి? రెండో ఏడాది సుమారు 65,000 మంది, మూడో ఏడాది అంతకన్నా పలచన. తొలి ఏడాది ఫొటో దిగినవాళ్లకు రెండో ఫొటో అక్కర్లేకపోయింది.

2013 అక్టోబరు 27న వెటెల్ వరసగా నాలుగో ప్రపంచ టైటిల్ అక్కడే ఖాయం చేసుకున్నాడు. నిబంధన ప్రకారం కారును తిన్నగా లోపలికి తోలుకుపోవాలి. ఆ కుర్రాడు ఆగలేదు. మెయిన్ గ్యాలరీ ముందు కారును గిరగిరా తిప్పి, పొగలో ముంచెత్తి, దిగి, మోకాళ్ల మీద కూర్చుని ఆ బండికి దండం పెట్టాడు. జనం మీదికి గ్లోవ్స్ విసిరాడు. మూడేళ్లలో అక్కడ జరిగిన, ఎవరి స్పాన్సర్‌షిప్పూ లేని ఒకే ఒక్క ఆనందం అది. జట్టుకు 25,000 యూరోల జరిమానా, డ్రైవర్‌కు మందలింపు.

ఆ రేసుకు రెండు రోజుల ముందు కూడా పన్ను గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆపడం కుదరదంటే జరిగింది. ఒక్క ఏడాది విరామమే, 2015లో సీజన్ మొదట్లో పెడతాం అన్నారు. ఆ 2015 ఇంకా రాలేదు. పన్నుల బాధ, కాగితాల బాధ భరించలేకపోతున్నామని ఎకిల్‌స్టోన్ వర్గం గొణిగింది. గొణుగుడు వాళ్లకు కొత్త గానీ మనకు కాదు. ఏడాదికి 4 కోట్ల డాలర్ల ఫీజు రాసుకుని పోతూ, ఇక్కడ మాకు ఆఫీసు లేదు, కాబట్టి పన్నూ లేదు అన్నారు. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. సర్క్యూట్ మొత్తం మీ చెప్పుచేతల్లో ఉంది, మూడు రోజుల పందెమైనా ఇక్కడ మీకు శాశ్వత స్థావరం ఉన్నట్టే, పన్ను కట్టండి అంది. తీర్పు న్యాయంగానే ఉంది. రేసు మాయమై మూడున్నరేళ్లయ్యాక దాని శాశ్వతత్వం రుజువు కావడమే తమాషా.

ఇంత చూశాక బుద్ధి రావాలి కదా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో విద్యుత్ కార్ల రేసు ఫార్ములా ఈ పెట్టాం. గోపన్‌పల్లి కథకు ఇరవై ఏళ్లు నిండిన సందర్భం అనుకోవాలి. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల ట్రాక్, చెరువు మధ్యలో నిలబడి చూస్తూ మళ్లీ బుద్ధుడే. ఖైరతాబాద్ చుట్టూ రోడ్లు బంద్, అంబులెన్స్ నుంచి ఆటో దాకా అన్నీ ఒకే వరసలో. ప్రాక్టీసుకు ముందు మామూలు జనం బండ్లు కొన్ని దారి తప్పి ట్రాక్ మీదికే వచ్చేశాయి. వాళ్లను తప్పు పట్టలేం. నగరంలో ట్రాఫిక్ లేని రోడ్డు కనిపిస్తే ఎవడు మాత్రం ఆగుతాడు! ఫ్రెంచివాడు జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది. 2024 రేసు జనవరిలోనే రద్దయింది. డిసెంబరులో ఏసీబీ కేసు: రెండో రేసు కోసం సుమారు 55 కోట్లు నిబంధనలు పాటించకుండా విదేశీ సంస్థకు పంపారని ఆరోపణ. నగరం పేరు పెంచడానికే చేశాం, దమ్మిడీ అవినీతి లేదని నాటి మంత్రి కేటీఆర్ జవాబు. అక్కడేమో డాలర్లు పంపడానికి అనుమతి అడిగితే ఇవ్వలేదు, ఇక్కడేమో అడగకుండా పంపారని కేసు. తేల్చాల్సింది కోర్టు. నేను చూసినంతలో ఒక పార్టీకి రేసు తేవడం సరదా, రెండో పార్టీకి దాన్ని తరిమేయడం సరదా. రేసు ముప్పావు గంటలో ముగిసింది, వాళ్ల ఓవర్‌టేకింగ్ ఇంకా సాగుతోంది.

2023 సెప్టెంబరులో బుద్ధ్ సర్క్యూట్ మళ్లీ దుమ్ము దులుపుకుంది, ఈసారి మోటోజీపీ బైకుల కోసం. అప్పటికి ఎనిమిది ప్రపంచ టైటిళ్లు గెలిచిన మార్క్ మార్కెజ్ వీసా రాక విమానం అందుకోలేకపోయాడు. ప్రసారంలో కశ్మీర్, లద్దాఖ్ లేని భారతదేశ పటం చూపించి క్షమాపణ చెప్పుకున్నారు. ఎండ దెబ్బకు ల్యాపులు తగ్గించారు. ఇటలీ కుర్రాడు బెజెక్కి గెలిచాడు. 2024లో రేసు లేదు. ఇన్ని చెప్పినా, ఫార్ములా వన్‌ను మళ్లీ రప్పిస్తామన్న మాట ఢిల్లీలో అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

వస్తే రానీ. ఆర్చి మాత్రం అక్కడే ఉంది. బకాయిలు కట్టలేదని 2020 ఫిబ్రవరిలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే అథారిటీ ఆ వెయ్యి హెక్టార్ల కేటాయింపు రద్దు చేసింది. 2024 జూన్‌లో జేపీ మాతృసంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎక్స్‌ప్రెస్‌వే వేసిన పిల్ల కంపెనీ జేపీ ఇన్‌ఫ్రాటెక్ అయితే 2017లోనే వెళ్లింది. ట్రాక్‌ను మాత్రం చెప్పిన తేదీకి, విదేశీ ఇన్‌స్పెక్టర్ వచ్చి వేలెత్తి చూపడానికి లేకుండా పూర్తి చేశారు. నోయిడాలో ఇదే ఇన్‌ఫ్రాటెక్ దగ్గర ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్లు ఇరవై వేలకు పైమాటే. వాళ్ల తరఫున చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదు. పదేళ్లు దాటినా తాళంచెవి అందని కుటుంబాలు ఒక చేత్తో అద్దె, ఇంకో చేత్తో ఈఎంఐ కడుతూ వచ్చాయి. ఎప్పుడైనా ఆగ్రాకు బయల్దేరితే, ఆ కంపెనీ రోడ్డు మీద టోల్ కూడా కట్టాయి.